ప్లగ్గు పట్టినంత మాత్రాన

కోపం వస్తే అస్మా గొంతు పెంచదు. మాటకో 'అండీ' చేర్చడం మొదలుపెడుతుంది. పెళ్ళయిన పదహారేళ్ళలో ఆమె భర్త జమీర్‌కి ఈ సంగతి బాగా తెలిసొచ్చింది. అందుకే రెండువేల ఆరు నవంబరులో ఒక సోమవారం పొద్దున, వంటింటి పక్క గదిలోంచి "ఏవండీ, ఒకసారి ఇలా వస్తారాండీ, ఈ కంప్యూటరు సంగతేవిటో చూస్తారాండీ" అని వినబడగానే, టీ గ్లాసు అక్కడే వదిలేసి లేచాడు.

కంప్యూటరు బటను నొక్కితే దీపం వెలగడంలేదు. వెనక ఫ్యాను తిరగడంలేదు. గదిలో మాత్రం సన్నగా కమురు వాసన.

ఏలూరు తంగెళ్ళమూడిలో వాళ్ళది తివాచీలు నేసే ఇల్లు. మగ్గం జమీర్‌ది, నక్షా అస్మాది. గళ్ళ కాగితం మీద గడికో ముడి చొప్పున పూలూ తీగలూ వేసి, ఏ గడిలో ఏ రంగు ఉన్ని పడాలో చెప్పే బొమ్మే నక్షా. అస్మా తండ్రి బతికున్నన్నాళ్ళూ వేసిన నక్షాలు ట్రంకుపెట్టెలో చెద పట్టి రాలిపోతుంటే చూడలేక, ఆమె కంప్యూటరు నేర్చుకుంది. రెండేళ్ళపాటు కూచుని, ఒక్కొక్క గడే నింపుకుంటూ, తొంభై నాలుగు నక్షాలు అందులోకి ఎక్కించింది. ఆ కంప్యూటరు తాడేపల్లిగూడెంలో ఒక బ్యాంకువాళ్ళు పాతవి వేలం వేస్తే కొన్నది. పెద్ద విదేశీ కంపెనీది. ముందు భాగాన కంపెనీ పేరు ఇప్పటికీ తళతళలాడుతూనే ఉంది.

ఆ రోజు మగ్గం మీద సగం నేసిన తివాచీ ఉంది. మిగతా సగం నక్షా కంప్యూటరులో ఉంది. ఇద్దరు నేతగాళ్ళు వచ్చి కూచుని ఉన్నారు.

జమీర్ రిక్షా పిలిచాడు. డబ్బాని దుప్పటిలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని అస్మా కూచుంది.

మెయిన్ రోడ్డులో అద్దాల తలుపులున్న పెద్ద కంప్యూటర్ల షాపు కార్తికేయది. ముప్పై ఏళ్ళుండవు, మెడలో టై కట్టుకుని ఉన్నాడు. డబ్బా బల్లమీద పెట్టగానే జమీర్ వైపు తిరిగాడు.

"ఏమైంది సార్?"

"ఏమో నాకు తెలీదండీ. ఆవిడదే," అన్నాడు జమీర్.

"పొద్దున్నుంచి ఆన్ అవడంలేదండీ. కమురు వాసనొచ్చింది," అని చెప్పింది అస్మా.

కార్తికేయ తలూపి మళ్ళీ జమీర్‌నే అడిగాడు. "ఎప్పటిది సార్ ఇది?"

"తొంభై తొమ్మిదిదండీ," అంది అస్మా.

"సార్, ఇంకా దీన్నెందుకు పట్టుకు వేళ్ళాడతారు? మేడంగారికి చెప్పండి. ఎక్స్ఛేంజిలో పెడితే కొత్తది ఇప్పిస్తాను."

"అది తర్వాత మాట్లాడుకుందామండీ. ముందు దీనికేమైందో చూడండి."

అతను మూత విప్పాడు. లోపల మూలనున్న ఇనప డబ్బా తట్టి, "ఎస్.ఎం.పి.ఎస్. పోయింది సార్" అన్నాడు. గోడ ప్లగ్గులోంచి వచ్చే కరెంటుని తగ్గించి, ఏ భాగానికి ఎన్ని వోల్టులు కావాలో అన్నీ పంచేది ఆ డబ్బాయే. దాన్ని ఊడదీసి పక్కన పెట్టాడు. అటకమీంచి కొత్తది ఒకటి తెచ్చి బిగించాడు. దాని వైర్ల చివర ఉన్న పొడుగాటి తెల్ల ప్లగ్గుని లోపలి పెద్ద బోర్డులోకి నొక్కితే, టక్కున పట్టింది.

అస్మా పక్కన పెట్టిన పాత ప్లగ్గు చూసింది. బోర్డులో కూచున్న కొత్త ప్లగ్గు చూసింది. రోజుకి పదిగంటలు రంగు పక్కన ఏ రంగు రావాలో చూసుకునే కళ్ళవి. పాతదానిలో నల్ల వైరున్నచోట కొత్తదానిలో ఎర్రది ఉంది. నారింజరంగు ఉండాల్సిన మూల ఖాళీగా ఉంది. మొత్తం వరసే వేరు.

"ఏవండీ, ఆగండి. వైర్ల వరస మారిందండీ."

కార్తికేయ నవ్వాడు. "రంగులదేముంది మేడం, ఇవి చీరలా? కంపెనీవాడు చేతికొచ్చిన వైరు వేస్తాడు. ప్లగ్గు పట్టిందంటే సరైనదే అన్నట్టు. తప్పుదైతే అసలు పట్టదు, అలా తయారుచేస్తారు."

"రంగులు చేతికొచ్చినట్టు వేస్తారాండీ? ఎర్రదాంట్లో వచ్చేదీ నల్లదాంట్లో వచ్చేదీ ఒకటేనాండీ?"

"సార్, మీరు చెప్పండి ఆవిడకి," అంటూ అతను స్విచ్చు వైపు చెయ్యి చాచాడు.

అస్మాకి బల్ల చుట్టూ తిరిగి వెళ్ళే దారి లేదు. గోడనుంచి వస్తున్న తీగ మాత్రం ఆమె పక్కనుంచే పోతోంది. దాన్ని పట్టుకుని ఒక్క లాగు లాగింది. తీగ ఊడొచ్చి నేలమీద పడింది. షాపులో ఉన్న నలుగురూ తలలు తిప్పారు.

కార్తికేయ మొహం ఎర్రబడింది. "ఏంటండీ ఇది! ఎనిమిదేళ్ళ సర్వీసు నాది. నాకు నేర్పుతారా?"

"మీకు నేర్పడానికి నేనెవర్నండీ. నా వస్తువు నాకిచ్చెయ్యండి చాలు."

"తీసుకెళ్ళండి," అంటూ అతను కొత్త డబ్బా ఊడదీసుకుని పాతది ముందుకి తోశాడు. "ఈ డొక్కు ఏలూరులో ఇంకెవరు బాగుచేస్తారో నేనూ చూస్తా."

రిక్షాలో జమీర్ మెల్లగా అన్నాడు, "అంతమందిలో ఎందుకులే అస్మా..."

"నా వస్తువు గురించి నేను చెప్తుంటే నాతో మాట్లాడడేంటండీ అతను? మీరూ అతనూ నా నెత్తిమీంచి మాట్లాడుకుంటుంటే నేనక్కడ తివాచీలా పడుండాలాండీ?"

జమీర్ దుప్పటి జారకుండా డబ్బా చుట్టూ సర్దాడు.

దారిలో రేడియో, టీవీలు బాగుచేసే ఖాదర్ కొట్టు ఉంది. అస్మా తండ్రికి స్నేహితుడాయన. కళ్ళజోడు నుదుటిమీదికి తోసుకుని, వోల్టులు కొలిచే మీటరు తీసి, పాత డబ్బా వైర్లనీ బోర్డునీ గంటసేపు చూశాడు.

"కంప్యూటర్లు నాకు పెద్దగా తెలీవమ్మా. వైర్లు తెలుసు. ఈ ప్లగ్గు బజార్లో దొరికే వాటిలాగే ఉంది, అందులోకే దూరుతుంది. లోపల మాత్రం వైర్లన్నీ తారుమారు చేసేశారు. బజారుది పెట్టి స్విచ్చేసుంటే, ఏమీ రాకూడనిచోటికి ఐదు వోల్టులు పోయేవి. ఠప్పుమనేది."

"మరైతే ప్లగ్గు ఆకారమైనా వేరే పెట్టాలి కదండీ?"

"పెట్టాలి."

"ఎందుకు పెట్టలేదు?"

"వేరే ఆకారం పెడితే జనం చూసి, ఓహో ఇది వేరే అనుకుంటారు. ఇలా పెడితే పాడైనప్పుడల్లా వాళ్ళ దగ్గరికే పోవాలి. అంతే అయ్యుంటుంది." ఖాదర్ పాత డబ్బా తిప్పి చూపించాడు. "ఇది మాత్రం లోపల పూర్తిగా మాడిపోయింది. నేను బాగుచెయ్యలేను. వైర్లు కోసి బజారుదానికి అతుకుదామంటే, ప్లగ్గులో ఏ కాలుకి, అంటే ఏ పిన్నుకి, ఏం రావాలో చెప్పే కంపెనీ కాగితం కావాలి. ఊహించి చెయ్యను. ఇలాంటిదే ఇంకోటి వెతుకు."

ఎస్టీడీ బూత్‌నుంచి అస్మా కంపెనీ నంబరుకి ఫోను చేసింది. పాట వినిపించారు, ఒకటి నొక్కమన్నారు, రెండు నొక్కమన్నారు. చివరికొక అమ్మాయి వచ్చి, ఆ మోడలుకి విడిభాగాలు ఆపేశామనీ, కొత్త మోడళ్ళ గురించి చెప్పమంటారా అనీ అడిగింది.

"విడిభాగాలు లేకపోతే పోనీండి. ఆ ప్లగ్గులో ఏ కాలుకి ఎన్ని వోల్టులో కాగితమైనా పంపండి."

"అది బయటికి ఇవ్వరు మేడం."

"మీ కంపెనీలో ఎవరికీ సిగ్గు లేదాండీ?" అని అడిగింది అస్మా, చాలా మర్యాదగా. అమ్మాయి పాట పెట్టేసింది.

మర్నాడు అస్మా తాడేపల్లిగూడెం బస్సెక్కింది. దారి పొడుగునా వరి కోతలు. ఉంగుటూరు దగ్గర ధాన్యం బస్తాల ట్రాక్టర్లు రోడ్డు ఆపేసి పావుగంట నిలబెట్టాయి. కిటికీ పక్కన కూచుని ఆమె ఆ కంపెనీని తిట్టుకుంటూనే ఉంది.

బ్యాంకులో అటెండరు క్రీస్తుదాసుకి వేలం బాగా గుర్తుంది. డబ్బాలన్నీ మోసింది తనే.

"నాలుగండీ. ఒకటి మీరు పట్టికెళ్ళారు. రెండు పెంటపాడు రైసు మిల్లాయన కొన్నాడు. కానీ అవి పాత ఇనప సామాన్లవాడికి వేసేశాడంటండీ, పోయినేడే. నాలుగోది కొల్లేట్లో చేపల సొసైటీవాళ్ళు. ఏలీయా అని ఆళ్ళ సెక్రటరీ, మా చర్చికి వస్తుంటాడు." చీటీమీద ఊరి పేరు రాసిచ్చి, "అదింకా ఉందో లేదో మరి, వెళ్ళి చూడండి," అన్నాడు.

బుధవారం జమీర్ కూడా వెంట వస్తానన్నాడు. ఏలూరునుంచి ఆటోలో కొల్లేటి గట్టుదాకా వెళ్ళి, అక్కణ్ణుంచి పడవ. ఆ వేసవిలోనే కోర్టు ఉత్తర్వుతో ప్రభుత్వం కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టించేసింది. నీళ్ళలో అక్కడక్కడ సగం తెగిన గట్లు తేలి కనిపిస్తున్నాయి. వాటిమీద కొంగలు నిలబడున్నాయి.

ఏలీయాకి యాభై దాటుంటాయి. సొసైటీ గదిలో బల్లమీద కొత్త కంప్యూటరుంది. అస్మా వచ్చిన పని చెప్పగానే నిట్టూర్చాడు.

"ఆ పాతదుందమ్మా, వలల గదిలో పడేశాం. కానీ అది కాలిపోయింది."

"ఎలా కాలిందండీ?"

"ఏప్రిల్లో. బాగానే పనిచేసేది, కాపోతే వెనక ఫ్యాను గరగరమనేది. ఏలూరునుంచి కంప్యూటరాయన్ని పిలిపించాం, టై కట్టుకుని వచ్చాడు. ఆ ఫ్యానున్న డబ్బా మార్చేస్తే పోద్దన్నాడు. కొత్తది బిగించి స్విచ్చేశాడు. ఠప్పుమంది, పొగ. 'చూశారా, మీ లంకల్లో కరెంటు ఇలాగుంటది, మీ వోల్టేజికి బోర్డు కాలిపోయింది' అన్నాడు. అందులో ఉన్నవన్నీ కూడా పోయినయ్యన్నాడు. తర్వాత ఆయన దగ్గరే ఇది కొన్నాం."

జమీర్ ఆమె వైపు భయంగా చూశాడు.

"అందులో ఏమున్నాయండీ?" అంది అస్మా.

"సభ్యుల జాబితా తల్లీ. నూట నలభై రెండు కుటుంబాలు. ఎవరెవరికి ఎంత వాటా, ఎప్పటినుంచి సభ్యులు, అన్నీ. గట్లు కొట్టాక సర్కారు ఆఫీసువాళ్ళు సాయం ఇస్తాం, జాబితా పంపమన్నారు. పాత పుస్తకం వరదలో నాని చీకిపోతుంటేనే కదా కంప్యూటర్లో ఎక్కించుకున్నాం, ఇప్పుడది ముద్దయిపోయింది! ఇల్లిల్లూ తిరిగి మళ్ళీ రాశాం. ఊళ్ళో ఉన్నోళ్ళ పేర్లు వచ్చినయ్. పనులకి వలసపోయినోళ్ళవి తప్పిపోయినయ్. ఇదిగో, ఈ రాజ్యం అప్పుడు భీమవరంలో రొయ్యలు వలవడానికి పోయింది. ఈమె పేరు లేదు."

గుమ్మంలో నిలబడ్డ నడివయసు మనిషి లోపలికి వచ్చింది. "నా మొగుడు పోయాక వాటా నా పేర్న మార్చారమ్మా. ఈయనకి తెలుసు, ఊరందరికీ తెలుసు. కాగితం లేదంటన్నారు. అడిగితే ఏలీయాగారు నా వంక చూడరు."

"ఏ మొహం పెట్టుకు చూడనూ?" అన్నాడు ఏలీయా.

వలల గదిలో డబ్బా తెరిచారు. పెద్ద బోర్డులో ప్లగ్గు కూచునేచోట నల్లగా మాడి కరిగిపోయి ఉంది. మూలన, ఊడదీసి పడేసిన పాత ఎస్.ఎం.పి.ఎస్. ఉంది. అస్మా దాన్ని వెలుతుర్లోకి తెచ్చి, తన సంచిలో తెచ్చుకున్న మాడిపోయిన డబ్బా పక్కన పెట్టి చూసింది. వైరుకి వైరు అదే వరస.

"ఇది పాడవలేదండీ. ఫ్యాను అరిచిందంతే కదా? మీ వోల్టేజీ కాదు, మీ లంకా కాదండీ. వేరేదానికి చెందిన డబ్బా తెచ్చి దీనికి పెట్టాడు. ఏప్రిల్లో తన కళ్ళముందే ఠప్పుమందండీ! మొన్న సోమవారం నా దానికీ అదే పెట్టబోయాడు. ప్లగ్గు పట్టింది కాబట్టి సరైనదేనట!" ఆమె ఆ డబ్బాని రెండు చేతులా ఎత్తింది. "ఏలీయాగారూ, ఈ డబ్బా నాకివ్వండి. జాబితా దాచిన ఈ డిస్కు కూడా ఇవ్వండి. అందులో ఏదైనా మిగిలి ఉంటే మీకు తెచ్చిస్తాను."

"అది కూడా కాలిందన్నాడు కదమ్మా."

"ఆయన అన్నాడు. ఎవరూ చూడలేదు కదండీ."

ఆ సాయంత్రం అస్మా ఇంటికి వచ్చిన ఖాదర్ మొదట ఆ డబ్బాని బోర్డుకి తగలకుండా విడిగా పెట్టి, ప్రతి వైరూ కొలిచాడు. ఫ్యానులో దుమ్ము దులిపి ఒక చుక్క కుట్టుమిషను నూనె వేస్తే గరగర కూడా ఆగింది. అప్పుడు అస్మా కంప్యూటరుకి బిగించాడు. స్విచ్చు ఆమెనే వెయ్యమన్నాడు. దీపం వెలిగింది. ఫ్యాను తిరిగింది. తండ్రి నక్షాల పేర్లు ఒక్కొక్కటే తెరమీదికి వచ్చాయి. జమీర్ గట్టిగా ఊపిరి వదిలాడు.

ఆ తర్వాత సొసైటీ డిస్కు కూడా అదే కంప్యూటరుకి తగిలించారు. కాసేపు ఏమీ రాలేదు. ఖాదర్ తీగ తీసి మళ్ళీ పెట్టాడు. వచ్చింది. జాబితా మొత్తం ఉంది, ఒక్క పేరూ పోలేదు. అరవై మూడో పేరు రాజ్యానిది, భర్త పేరూ అతను పోయిన తేదీతో సహా.

నక్షా ప్రింటు తీయాల్సిన ప్రింటరులో ముందు ఆ నూట నలభై రెండు పేర్లూ తీసింది అస్మా. తీస్తున్నంతసేపూ ఆమెకి సంతోషం కలగలేదు. పేరు తర్వాత పేరు కాగితం మీద పడుతుంటే ఒళ్ళు మండుతోంది. ఏడు నెలలుగా ఇవన్నీ వలల గదిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఒక మనిషి తన తప్పు కప్పిపుచ్చుకోవడానికి అన్న ఒక్క మాటకి ఇంతమంది నోరు మూసుకుని కూచున్నారు.

శనివారం ఏలీయా, రాజ్యం, అస్మా, జమీర్ నలుగురూ కార్తికేయ షాపుకి వెళ్ళారు. కార్తికేయ ఏలీయాని చూడగానే లేచాడు, అస్మాని చూసి మళ్ళీ కూచున్నాడు.

అస్మా జాబితా బల్లమీద పెట్టింది. "డిస్కు కాలిందన్నారటండీ. ఇది అందులోదేనండీ."

"అప్పుడు చెక్ చేసే టైం లేదు మేడం. అయినా తప్పు నాది కాదు. వేరే వైర్లు పెట్టి అదే ప్లగ్గు పెట్టింది కంపెనీ. మాకేం తెలుస్తుంది?"

"నిజమేనండీ, కంపెనీ చేసింది నీచమైన పని. ఏప్రిల్‌కి ముందు మీకు తెలీదు, ఒప్పుకుంటాను. ఏప్రిల్లో తెలిసింది కదండీ? తెలిశాక వీళ్ళకేం చెప్పారు? కరెంటు బాలేదని. మీ చేత్తో కాల్చి, వీళ్ళ ఊరిమీద తోశారు. దాంతో ఊరుకోలేదు, కొత్తది అమ్మారు. సోమవారం నేను వైర్ల వరస మారిందని చెప్తే, అయ్యో, ఇలాగే ఒకటి కాలింది అని మీకు గుర్తు రాలేదాండీ?"

కార్తికేయ జమీర్ వైపు తిరిగాడు. "సార్, కూర్చుని మాట్లాడుకుందాం..."

"ఆవిడతో మాట్లాడండి," అన్నాడు జమీర్. "మీకామాట మొదటిరోజే చెప్పాల్సింది నేను."

రాజ్యం ఒక్క అడుగు ముందుకేసింది. "నాయనా, నా పేరు కాలిపోయిందన్నావు. కాలలేదంట కదా!"

అతను తల దించుకున్నాడు గాని, చేసింది తప్పని మాత్రం ఒప్పుకోలేదు. నలుగురూ అక్కణ్ణుంచి బయల్దేరి శేషగిరిరావు అనే లాయరు దగ్గరికి వెళ్ళారు. వినియోగదారుల ఫోరంలో వేసే ఫిర్యాదు అస్మాయే టైపు చేసింది. కేసు ఇంకా విచారణకి రాకుండానే, జనవరిలో కార్తికేయ సొసైటీకి వెళ్ళి కొత్త కంప్యూటరుకి పుచ్చుకున్న డబ్బు తిరిగిచ్చి, జరిగింది కాగితం మీద రాసి సంతకం పెట్టాడు. ఏలీయా పాత జాబితాతో సర్కారు ఆఫీసుచుట్టూ మార్చిదాకా తిరిగాడు. తప్పిపోయిన పంతొమ్మిది కుటుంబాల్లో పద్నాలుగింటి పేర్లు చేర్చారు. రాజ్యం పేరు అందులో ఉంది. మిగతా అయిదూ గడువు దాటాయన్నారు.

ఆ అయిదు పేర్లూ అస్మాకి నోటికొచ్చు. ఎవరైనా అడిగితే వరసగా చెబుతుంది, అడగకపోయినా చెబుతుంది.

ఫిర్యాదులో ఆమె కంపెనీ గురించి కూడా ఒక పేరా రాసింది. శేషగిరిరావు దాన్ని కొట్టేశాడు. "వాళ్ళని కలిపితే ఈ కేసు మీ పిల్లల పెళ్ళిళ్ళయ్యేదాకా నడుస్తుందమ్మా," అన్నాడు. ఆ పేరా ఆమె పారెయ్యలేదు. దానికి ముందూ వెనకా నాలుగు మాటలు చేర్చి, చూడ్డానికి ఒకేలా ఉండే ప్లగ్గులో వైర్లు మార్చిపెట్టడం ఏం న్యాయమని అడుగుతూ, కంపెనీకి రిజిస్టరు పోస్టులో పంపింది.

నెలన్నరకి జవాబు వచ్చింది. మందపాటి మెరిసే కాగితం. మీ అభిప్రాయం మాకెంతో విలువైనది అని ఒక వాక్యం, దాని కింద కొత్త మోడళ్ళ బొమ్మలు, ధరలు. అస్మా ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. తర్వాత జమీర్‌ని పిలిచి, "పోస్టాఫీసు ఎన్నింటిదాకా ఉంటుందండీ?" అని అడిగి, రెండో ఉత్తరం రాయడానికి కూచుంది.